కోవెల చెట్టుకు ఎందరు తల్లులు?

నర్సీపట్నంలో చింతపల్లి బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నవారు, డౌనూరు దాటి కొండలు దగ్గరపడుతుండగా, రాతి వాలుల మీద ఒక చెట్టును వెతకాలి. ఫిబ్రవరి, మార్చి నెలలు అందుకు మంచి అదను. అప్పటికి ఆ చెట్టు మీద ఒక్క ఆకు కూడా మిగలదు. మాను మాత్రం సున్నం కొట్టినట్టు తెల్లగా మెరుస్తూ ఉంటుంది. బెరడు పలుచని కాగితంలా పొరలు పొరలుగా ఊడి వస్తుంది. మట్టి పిడికెడు కూడా లేని బండ సందులో వేళ్లు దించుకుని నిలబడుతుంది. వెన్నెల రాత్రి దాన్ని మొదటిసారి చూసినవాళ్లు ఎవరో మనిషి నిలబడ్డాడనుకుని ఉలిక్కిపడతారు.

దాని పేరు కోవెల. తపసి అని కూడా అంటారు. వృక్షశాస్త్రంలో స్టెర్కూలియా యూరెన్స్. యూరెన్స్ అంటే లాటిన్‌లో మంట పుట్టించేది అని అర్థం. కాయ మీది ముళ్లలాంటి నూగు చేతికి తగిలితే ఆ పేరు ఎందుకు పెట్టారో తెలుస్తుంది. ఆ నూగు వదిలించి, లోపలి గింజలను వేయించుకుని తినడం మన్యంలో ఉన్నదే.

ఈ చెట్టుకు విలువ తెచ్చింది దాని జిగురు. మానుకు గాటు పడితే చిక్కని జిగురు బొట్లు బొట్లుగా ఊరి, గాలికి గట్టిపడుతుంది. బజారులో దీన్ని గమ్ కరాయా అంటారు. నీళ్లలో వేస్తే తన పరిమాణానికి ఎన్నో రెట్లు ఉబ్బుతుంది. కాస్త పులిసిన వాసన వేస్తుంది, అందులోంచి వెనిగర్‌లో ఉండే ఆమ్లమే మెల్లగా విడుదలవుతుంది కాబట్టి. మలబద్ధకానికి వాడే మందుల్లో, కట్టుడు పళ్లు కదలకుండా అతికించే పొడుల్లో, పేగు ఆపరేషన్ అయినవారికి పొట్ట మీద అమర్చే సంచి చుట్టూ చర్మాన్ని కాపాడే రింగుల్లో ఇది వాడుకలో ఉంది. ఆహార పదార్థాల్లో చిక్కదనానికి కలిపేటప్పుడు డబ్బా మీద ఈ-416 అని రాస్తారు. ఐరోపాలో, అమెరికాలో ఏ వృద్ధురాలి పళ్లసెట్టు కిందనో ఉన్న జిగురు ఒకప్పుడు మన కొండదొరల, భగతల, కోయదొరల పిల్లలు బుట్టలో ఏరి తెచ్చినదై ఉండవచ్చు. 1956లో విశాఖపట్నం కేంద్రంగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థ, జనం నోట జీసీసీ, దశాబ్దాలుగా కొంటున్న సరుకుల్లో ఇది ముఖ్యమైనది.

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. నర్సీపట్నం ప్రాంతంలో ఏటా వెయ్యి మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది కదా, దీనికీ ఎడారి చెట్లకూ పోలికేమిటని. వాన పడే మాట నిజమే. కానీ బండ మీద పడ్డ వాన బండ మీద నిలవదు, గంటలో గెడ్డలోకి దిగిపోతుంది. జనవరి నుంచి జూన్ దాకా ఆ రాతి వాలు కోవెలకు ఎడారే. ఆకులు రాల్చడం, మానులో తేమ దాచుకోవడం, గాయాన్ని జిగురుతో మూసుకోవడం ఇవన్నీ ఎండతో పోరాడి నేర్చుకున్న బతుకుతెరువులు. అందుకే కోవెల కథ చెప్పాలంటే ముందు అసలు ఎడారికి వెళ్లి, దాని దూరపు తోటి చెట్టు ఒకదాన్ని చూసి రావాలి.

రాజస్థాన్‌లో, గుజరాత్‌లోని కచ్ ప్రాంతంలో గుగ్గులు చెట్టు ఉంది. చెట్టు అంటే మనిషికి రెండింతల ఎత్తు పెరిగితే ఎక్కువ. ముళ్ల కొమ్మలు వంకరటింకరగా ఉంటాయి. మన కిరాణా కొట్లలో గుగ్గిలం పేరుతో దొరికేదానికీ దీనికీ సంబంధం లేదు. మన ఆయుర్వేద వైద్యులు మహిసాక్షి అనేది దీని బంకనే. యోగరాజ గుగ్గులు, కైశోర గుగ్గులు, త్రిఫలా గుగ్గులు మాత్రలన్నిటికీ మూలం ఇదే. 1966లో బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో జి.వి.సత్యవతి తన పరిశోధనలో, సుశ్రుత సంహితలో స్థౌల్యం గురించి ఉన్న వర్ణనను ఆధారం చేసుకుని, ఈ బంక కొలెస్టరాల్ మీద ఎలా పనిచేస్తుందో కుందేళ్ల మీద పరీక్షించారు. ఆవిడే తరువాతి కాలంలో భారత వైద్య పరిశోధన మండలికి డైరెక్టర్ జనరల్ అయ్యారు. ఆ పరిశోధన నుంచి మొదలైన ఆసక్తి 1980లలో గుగ్గులు మందుగా దేశీయ మార్కెట్లోకి వచ్చేదాకా సాగింది. 2003లో అమెరికాలో జరిగిన పరీక్షలో ఆశించిన ఫలితం రాలేదు, అది వేరే చర్చ. చెట్టుకు మాత్రం అప్పటికే ముప్పు వచ్చిపడింది. ఎక్కువ బంక కోసం లోతుగా గాట్లు పెట్టి, ఆ గాయాలకు ఘాటైన లేపనాలు పూసేవారు. ఒక విడత బంక కారాక చెట్టు చచ్చిపోయేది. 2015లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం గుగ్గులును తీవ్ర అపాయంలో ఉన్న జాతుల జాబితాలో చేర్చింది. అడవిలో అంతరించిపోవడానికి ఒక్క అడుగు ముందున్న మెట్టు అది.

పోతున్న చెట్లను తిరిగి నాటితే సరిపోతుందని అనిపిస్తుంది. గుగ్గులు విషయంలో చిక్కు అక్కడే ఉంది.

1996లో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో మోహన్ రామ్, శివణ్ణ అనే ఇద్దరు ప్రసిద్ధ వృక్షశాస్త్రజ్ఞుల బృందం గుగ్గులు పూలను పరిశీలించి ఒక వింత బయటపెట్టింది. అడవిలో ఉన్న మొక్కల్లో దాదాపు అన్నీ ఆడవే. మగ మొక్క కనిపించడమే అరుదు. పుప్పొడి పడకుండానే ఆడ మొక్కల్లో విత్తనం తయారవుతోంది. అంటే ఆ విత్తనానికి తండ్రి లేడు. అది అచ్చంగా తల్లికి నకలు.

మామిడితో పోల్చుకుంటే మనకు ఈ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. బంగినపల్లి టెంక నాటితే బంగినపల్లి రాదు, పీచు కాయో పుల్ల కాయో రావచ్చు, ఎప్పుడో ఒకసారి తల్లిని మించిన తీపి కాయా రావచ్చు. ఎందుకంటే టెంకలో తల్లి రక్తమూ తండ్రి రక్తమూ కలుస్తాయి. అందుకే రైతు బంగినపల్లి కావాలంటే అంటు కడతాడు. అంటు మొక్క తల్లికి నకలు, టెంక మొక్క కొత్త మనిషి. గుగ్గులు విత్తనం చూడడానికి టెంకలా ఉంటుంది కానీ పనిచేసేది అంటులా. ఒకే మొక్క కింద పదివేల విత్తనాలు ఏరి, పదివేల మొక్కలు పెంచి, వంద ఎకరాల్లో నాటినా, ఆ వంద ఎకరాల్లో ఉన్నది ఒక్క మొక్కే. ఆ ఒక్కదానికి పడని తెగులు వస్తే, ఓర్వలేని చలి వస్తే, వందెకరాలూ ఒకేసారి పోతాయి. గుగ్గులులో వైవిధ్యం విత్తనంలో లేదు, వేర్వేరు చోట్ల వేర్వేరుగా నిలిచిన తల్లుల్లో ఉంది. ఒక్క కొండ మీది తల్లి చస్తే ఆ రకం అంతటితో సరి.

తెలుగు రైతుకు ఈ భయం కొత్త కాదు. 1980లలో కాగితం మిల్లుల కోసమూ పశువుల మేతకూ సుబాబుల్ తోటలు పెరుగుతున్నప్పుడు, ప్రపంచమంతటా నాటినవాటిలో ఎక్కువ హవాయి నుంచి వెళ్లిన కొద్దిపాటి భారీ రకాలే. సిల్లిడ్ అనే చిన్న రసంపీల్చే పురుగు 1984లో హవాయిలో కనిపించి, ఫిలిప్పీన్స్, ఇండోనేసియా మీదుగా 1988 నాటికి భారతదేశంలో దిగింది. నాలుగేళ్లలో సగం భూగోళం చుట్టేసింది. దాని దారికి అడ్డు నిలిచే వేరే రక్తం ఆ తోటల్లో ఎక్కడా లేదు. తరువాత పురుగును తట్టుకునే మొక్కల కోసం శాస్త్రవేత్తలు సుబాబుల్ పుట్టిల్లయిన మెక్సికో, మధ్య అమెరికా అడవుల్లోని దాని దగ్గరి బంధువుల్లోకి వెతుక్కుంటూ వెళ్లాల్సివచ్చింది. అడవి మిగిలి ఉంది కాబట్టే ఆ వెతుకులాట సాధ్యమైంది.

ఇక నర్సీపట్నం కొండలకు తిరిగి వద్దాం. కోవెల గుగ్గులుకు సరిగ్గా ఎదురు. కోవెల పూలను పరిశీలించి 2004లో వివరాలు ప్రకటించింది కూడా ఆ ఢిల్లీ బృందమే. ఒకే చెట్టు మీద కొన్ని మగ పూలు, కొన్ని ద్విలింగ పూలు పూస్తాయి. అలాగని తన పుప్పొడితో తానే కాయ పట్టించుకోదు. వేరే కోవెల చెట్టు పుప్పొడి వస్తేనే కాయ బాగా నిలుస్తుంది. దాన్ని మోసుకొచ్చేది తేనెటీగ, ముఖ్యంగా తొర్రల్లో, పుట్టల్లో గూడు కట్టే మన దేశవాళీ చిన్న ఈగ. గుగ్గులుకు తండ్రి అక్కరలేదు. కోవెలకు తండ్రీ కావాలి, మధ్యవర్తీ కావాలి.

దీన్నిబట్టి లెక్కలు మారిపోతాయి. ఒక కొండ మీద ఇరవై కోవెల చెట్లు ఉండి, నరికినవి నరకగా రెండే మిగిలాయనుకుందాం. చెట్లు పూర్తిగా పోలేదు కాబట్టి జాతి మిగిలింది అనిపిస్తుంది. కానీ ఆ రెండూ ఒకే తల్లి బిడ్డలైతే వాటి మధ్య పుట్టే విత్తనం మేనరికాల మీద మేనరికాలు జరిగిన ఇంటి సంతానంలా బలహీనపడుతుంది. రెండూ ఒకదానికొకటి తేనెటీగ ఎగరలేనంత దూరంలో ఉంటే కాయే పట్టదు. తెల్లటి మానులు కొండ మీద కనిపిస్తూనే ఉంటాయి, వాటి కింద మొలక ఒక్కటీ ఉండదు.

తేనెటీగ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. మన్యంలో తేనె తీసేటప్పుడు కాగడా మంటతో పట్టును మొత్తం కాల్చి పిండుకునే అలవాటు కొన్నిచోట్ల ఇంకా ఉంది. తేనె ఉన్న భాగం మాత్రం కోసుకుని, పిల్లపురుగులున్న భాగాన్ని వదిలేసే పద్ధతిని శిక్షణల్లో నేర్పుతున్నారు. ఆ శిక్షణను తేనె నాణ్యత కోసమే అనుకుంటే తక్కువ అంచనా వేసినట్టే. కాలిన పట్టుతో పాటు వచ్చే ఏడాది కోవెల కాయ కూడా కాలిపోతుంది.

జిగురు తీయడంలోనూ ఇదే కథ. పాత పద్ధతిలో గొడ్డలితో మాను చుట్టూ లోతైన గాట్లు పెట్టేవారు. బెరడు కింద ఆహారం మోసే పొర చుట్టూరా తెగిపోతే చెట్టు బతకదు. ఇంకా బాధాకరం ఏమిటంటే, జిగురు బాగా కారేది ఎండాకాలంలో, చెట్టు పూత కాయగా మారేదీ అదే కాలంలో. గాయం మాన్పుకోవడానికీ బిడ్డను మోయడానికీ చెట్టు దగ్గర ఉన్నది ఒకే కూడు. దీని ప్రభావం ఎంత ఉంటుందో ఆఫ్రికాలోని ఎరిత్రియాలో సాంబ్రాణి చెట్ల మీద కొలిచారు. 2006లో ప్రచురితమైన ఆ పరిశోధనలో, గాట్లు పెట్టని చెట్ల విత్తనాల్లో 80 శాతానికి పైగా మొలిచాయి. ఎక్కువగా గాట్లు తిన్న చెట్ల విత్తనాల్లో మొలిచినవి సుమారు 16 శాతం. సాంబ్రాణి చెట్టు వేరు, కోవెల వేరు. అయినా ఒంట్లో శక్తిని బంకగా కార్చే చెట్టు కడుపు పంట ఎలా ఉంటుందో ఆ అంకెలు చెబుతున్నాయి.

ఈ విషయంలో మనవాళ్లు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. లక్నోలోని జాతీయ వృక్షశాస్త్ర పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు చెట్టుకు తక్కువ గాయంతో ఎక్కువ జిగురు వచ్చే విధానాలు రూపొందించారు. విశాఖపట్నంలో జిగురు ఏరే గిరిజనుల కోసం పనిచేసే కోవెల్ ఫౌండేషన్ అనే సంస్థ ఉంది. దాని పేరు ఈ చెట్టు పేరే. గొడ్డలి బదులు చిన్న పదునైన పనిముట్టు, లోతు లేని చిన్న గాటు, గాటుకూ గాటుకూ మధ్య ఎడం, లేత చెట్ల జోలికి పోకపోవడం, జిగురు మట్టిలో పడకుండా శుభ్రంగా సేకరించడం అక్కడ నేర్పే పాఠాలు. శుభ్రమైన తెల్ల జిగురుకు మొదటి గ్రేడు ధర వస్తుంది కాబట్టి చెట్టు మేలూ మనిషి మేలూ ఒకచోట కలిశాయి. కేంద్ర ప్రభుత్వం 2013-14లో చిన్న తరహా అటవీ ఉత్పత్తులకు కనీస మద్దతు ధర పథకం తెచ్చినప్పుడు మొదటి జాబితాలోనే కోవెల జిగురుకు చోటు దక్కింది.

అయితే ఇవన్నీ ఉన్న చెట్టును చంపకుండా ఉండే మార్గాలు. తరువాతి తరం ఏ తల్లుల నుంచి రావాలన్న ప్రశ్న ఇంకా మిగిలే ఉంది.

ఇదే కొండల్లో తేమ ఉన్న చోట్ల నరమామిడి పెరుగుతుంది. బెరడు నూరి బెణుకులకూ విరిగిన ఎముకలకూ కట్టే కట్టు పల్లెల్లో అందరికీ తెలిసినదే. అదే బెరడు పొడి జిగటగా ఉండడం వల్ల అగరుబత్తీల పరిశ్రమకు కావలసి వచ్చింది. మందుకు చేతి వెడల్పు చెక్క చాలు. అగరుబత్తికి లారీలు కావాలి. మాను చుట్టూ చెక్క ఒలిచేస్తే చెట్టు నిలబడే ఎండిపోతుంది. నరమామిడిలో మగ చెట్టు వేరు, ఆడ చెట్టు వేరు. చెక్క ఒలిచేవాడికి ఆ తేడాతో పని లేదు. ఒక లోయలో ఉన్న మగ చెట్లు రెండూ పోతే, పచ్చగా ఉన్న ఆడ చెట్లు ఏటా పూసినా ఆ పూత ఉట్టినే రాలిపోతుంది. చెట్ల జనాభా లెక్కలో అవి బతికున్నట్టే నమోదవుతాయి.

గుగ్గులు, కోవెల, నరమామిడి మూడూ మందు చెట్లే, మూడింటికీ గాయమే శాపం. వాటి సంసారాలు మాత్రం మూడు రకాలు. అందుకే మూడింటికీ ఒకే నర్సరీ పద్ధతి పనికిరాదు. నర్సరీలో వేల సంచుల్లో మొక్కలు బారులు తీరి ఉంటే చూడడానికి ముచ్చటగా ఉంటుంది, ఫొటోకు బాగుంటుంది. ఆ విత్తనాలు ఎక్కడివని అడిగితే, చాలాసార్లు రోడ్డు పక్కన చేతికందే ఒకటి రెండు చెట్ల కింద ఏరినవే అయి ఉంటాయి. విత్తనం ఏరే కూలీకి అది తేలిక. ఎన్ని కిలోలన్నదే లెక్క కానీ ఎన్ని చెట్లన్నది ఎవరూ అడగరు. ఈ ఒక్క అలవాటు మార్చుకుంటే సగం పని అయినట్టే.

అటవీ విత్తన సేకరణలో ప్రపంచమంతా పాటించే ఒక నియమం ఉంది. ఒక ప్రాంతం నుంచి విత్తనం తేవాలంటే కనీసం 25 నుంచి 50 చెట్ల నుంచి ఏరాలి. చెట్టుకూ చెట్టుకూ మధ్య సుమారు 100 మీటర్లు ఉండాలి, పక్కపక్కనే ఉన్నవి అక్కచెల్లెళ్లయి ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి. ప్రతి చెట్టు నుంచీ దాదాపు సమానంగా తీసుకోవాలి. గుగ్గులు వంటిదానికైతే మొక్క మొక్కకూ పేరు పెట్టి, కొమ్మ తెచ్చి, ఏ కొమ్మ ఏ తల్లిదో రాసిపెట్టుకోవాలి. నరమామిడికైతే మగ చెట్లను గుర్తించి, వాటి చెక్క ఎవరూ ముట్టకుండా చూడాలి.

అసలైన భద్రం మాత్రం అడవిలోనే. మన్యంలోనే మారేడుమిల్లిలో ఔషధ మొక్కల సంరక్షణ ప్రాంతం ఉంది. బెంగళూరులో 1993లో మొదలైన ఎఫ్‌ఆర్‌ఎల్‌హెచ్‌టీ అనే సంస్థ, రాష్ట్రాల అటవీ శాఖలతో కలిసి దక్షిణాదిలో ఇలాంటి ప్రాంతాల గొలుసు ఒకటి ఏర్పరచింది. అక్కడ చెట్లను ఎవరూ ప్రత్యేకంగా నాటరు. ఉన్నవాటిని ఉన్నచోటే, వాటి ఈగలతో, పక్షులతో, పక్క చెట్లతో సహా వదిలేస్తారు. గింజను చలిగదిలో దాచే జన్యు బ్యాంకులూ అవసరమే. కానీ చలిగదిలో గింజ నిద్రపోతుంది, అడవిలో గింజ ప్రతి ఏడూ కొత్త ఎండకూ కొత్త తెగులుకూ అలవాటు పడుతూ పోతుంది. నర్సీపట్నం, చింతపల్లి, కొయ్యూరు కొండల్లో కోవెల బాగా నిలిచి ఉన్న రాతి వాలులు కొన్నింటిని ఇలాగే జిగురుకు సెలవు ప్రకటించి వదలగలిగితే, చుట్టుపక్కల కొండలన్నిటికీ అవి విత్తనపు ఇళ్లవుతాయి.

ఆ వాలులు ఏవో తెలిసినవాళ్లు ఎక్కడో లేరు. ఏ బండ మీద చెట్టు ముందు పూస్తుంది, దేని జిగురు తెల్లగా ఉంటుంది, ఏ చెట్టు కరువు ఏట కూడా కాసింది అన్నది జిగురు ఏరే కుటుంబాలకు తాతముత్తాతల నుంచి తెలుసు. శాస్త్రవేత్త ప్రయోగశాలలో డీఎన్‌ఏ తీసి తేల్చే తేడాలకు మొదటి ఆనవాళ్లు ఆ జ్ఞాపకంలోనే ఉన్నాయి. ఒకప్పుడు ఈ జనాన్నే అడవి దొంగలుగా లెక్కగట్టారు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడునూ అటవీ సేకరణనూ కట్టడి చేసిన తీరు మీద రగిలిన కోపమే, 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు వెంట మన్యం నడవడానికి ఒక కారణం. 2006 అటవీ హక్కుల చట్టం చిన్న తరహా అటవీ ఉత్పత్తుల మీద ఆ కుటుంబాలకు యాజమాన్య హక్కు ఇచ్చింది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం పంచాయతీల్లో ఏర్పడే కమిటీలు తమ ఊరి జీవవైవిధ్య రిజిస్టరు రాసుకోవాలి. ఆ రిజిస్టరులో కోవెల అని ఒక్క మాట రాసి ఊరుకోకుండా, ఏ కొండ మీద ఎన్ని తల్లి చెట్లు, ఏది ఎప్పుడు కాసింది అని చెట్టు చెట్టుకూ ఒక వరుస రాస్తే అంతకు మించిన జన్యు పటం ప్రస్తుతానికి అక్కరలేదు. ఆ వరుసలు నింపగలిగినవారికి చదువు రాకపోవచ్చు. ఊరి బడిలో చదివే మనవడో మనవరాలో పక్కన కూర్చుని రాస్తే చాలు.

కోవెల కాయలు ఏప్రిల్, మే నెలల్లో ఎర్రబారి, పండి, పగులుతాయి. పగిలిన కాయలోని గింజలను కోతులూ పిట్టలూ ముందే పంచుకుంటాయి. జూన్ తొలకరి పడితే రాళ్ల సందుల్లోకి కొట్టుకుపోతాయి. ఈ ఏడాది నర్సరీ సంచుల్లోకి పాతిక కొండల తల్లుల విత్తనం రావాలంటే, చేతులకు గుడ్డ చుట్టుకుని, గొడుగు కర్ర పట్టుకుని, మే నెల ఎండలోనే కొండెక్కాలి. ఒక్కో చెట్టు గింజలకు ఒక్కో సంచి. సంచి మీద కొండ పేరు, తేదీ.